శనివారం కొనని వ్యాన్

“పొయ్యికి జానెడు దూరంలో టాయిలెట్టా? మీకేమైనా మతి పోయిందా?” అంది నిరుపమ, పెనం మీద దోసె తిరగేస్తూ.

ఈ మాట ఆమె సోమవారం నుంచీ అంటూనే ఉంది. గిరిధర్ కూడా సోమవారం నుంచీ ఒకటే జవాబు చెబుతున్నాడు.

“వ్యాన్‌లో టాయిలెట్ బిగించి ఉంటేనే గ్రీన్ స్టిక్కర్ ఇస్తారు నిరూ. అది ఉంటేనే సముద్రం ఒడ్డున రాత్రి ఆపుకోనిస్తారు. లేకపోతే ఫైన్ వేస్తారు.”

“డబ్బులు కట్టి క్యాంప్‌గ్రౌండ్‌లో ఆపుకుందాం. అక్కడ బాత్రూములు ఉంటాయిగా.”

“నెల్లాళ్ళు రోజూ డబ్బులు కట్టే మాటైతే ఇంక వ్యాన్ ఎందుకు? హోటల్లోనే ఉండొచ్చు.”

“ఉందాం. ఎవరొద్దన్నారు?”

“హోటల్‌కి చక్రాలుంటాయా?”

“ఉండవు. అందుకే అక్కడ ఆ గది పొయ్యి పక్కకి రాదు.”

గిరిధర్ నవ్వాడు. నిరుపమకీ నవ్వొచ్చింది కానీ కనపడనివ్వలేదు. దోసె అతని కంచంలో వేసి, మంచినీళ్ళ గ్లాసు కుడిచేతి వైపు పెట్టింది. ఎడమవైపు పెట్టిన గ్లాసు ఈ మధ్య రెండుసార్లు ఒలికిపోయింది.

జూలైలో, ఆక్లండ్ చలికాలంలో, కళ్ళజోడు మార్పించుకుందామని వెళ్ళిన మనిషిని పెద్ద డాక్టరు దగ్గరికి పంపారు. గ్లాకోమా అన్నాడాయన. చూపు పక్కల నుంచి మూసుకుంటూ వస్తుంది, చుక్కలు వేసుకుంటే నెమ్మదిస్తుంది, పోయింది మాత్రం తిరిగి రాదు. ఎడమవైపు ఇప్పటికే కొంత పోయింది. ప్రస్తుతానికి కారు నడపొచ్చు, వేసవి అయ్యాక మళ్ళీ పరీక్ష చేసి చెబుతానన్నాడు. పిల్లలకి మాత్రం “కంట్లో కొంచెం ప్రెషర్ ఉందట, చుక్కలు వేసుకుంటున్నా” అని చెప్పి ఊరుకున్నాడు గిరిధర్.

ఆ మరుసటి వారమే ఈ వ్యాన్ గొడవ మొదలైంది. ఆక్లండ్ వచ్చి ఇరవై రెండేళ్ళయినా వాళ్ళు సౌత్ ఐలండ్ చూడలేదు. పిల్లల స్విమ్మింగ్ క్లాసులు, పరీక్షలు, ఇంటి లోను, ఇండియా టికెట్లు. ఎప్పటికప్పుడు వచ్చే ఏడాది అనుకోవడమే. ఇప్పుడు వచ్చే ఏడాది అనడానికి లేదు. వేసవి మొదట్లో, డిసెంబర్‌లో, వెల్లింగ్టన్ దాకా నడుపుకుంటూ వెళ్ళి, వ్యాన్‌తో సహా ఫెర్రీ ఎక్కి, అటు దిగి, కింద కొసన ఉన్న బ్లఫ్ దాకా తన చేత్తో తనే నడపాలి. నచ్చిన చోట ఆపాలి. అతను కోరుకున్నది అంతే. ఇన్నేళ్ళలో తన కోసమని అతను అడిగింది ఇదొక్కటే.

ఇంటి లోను పోగా దాచుకున్న దాంట్లో వచ్చేవి పాత వ్యాన్లే. నెలరోజులుగా చూస్తూనే ఉన్నారు. ఒకదాని అడుగంతా తుప్పు. ఇంకొకదాని పరుపెత్తితే బూజు. మరొకటి బాగానే ఉంది కానీ అమ్మేవాడు ఇంజన్ గురించి అడిగిన ప్రతిదానికీ వాతావరణం గురించి చెప్పాడు. మౌంట్ ఆల్బర్ట్‌లో గ్రాహమ్ అనే రిటైర్డ్ టీచర్ పెట్టిన ప్రకటన ఒక్కటే వాళ్ళ డబ్బుకి సరిపడా ఉండి, ఫొటోల్లో శుభ్రంగా కనిపించింది. శనివారం పదకొండింటికి రమ్మన్నాడు.

ఫ్లాట్ బుష్‌లో తమ ఇంటి నుంచి బయల్దేరి మోటర్‌వే ఎక్కారు. గిరిధర్ నడుపుతున్నాడు. నిరుపమ పక్కన కూర్చుంది. ఆమెకి మోటర్‌వే భయం. గుడికీ, కూరగాయలకీ తప్ప ఎప్పుడూ స్టీరింగ్ పట్టుకోదు. కానీ ఈ నాలుగు నెలల్లో ఆమెకి కార్ల మీద కొత్తగా మోజు పుట్టింది.

“అబ్బ, ఈ ఎర్ర కారు చూడండి, ఎంత బాగుందో,” అంది.

గిరిధర్ కొంచెం తల తిప్పి ఎడమవైపు చూశాడు. అటు జరగబోయినవాడు ఆగి, కారు పోయాక లేన్ మారాడు.

“ట్రక్కు నిండా గొర్రెలే. పాపం, ఎక్కడికో.”

మళ్ళీ తల తిప్పాడు. ఆమె ఎందుకు చెబుతోందో అతను అడగలేదు. తను ఎందుకు చెబుతోందో ఆమె అనలేదు.

వ్యాన్ నిజంగానే బాగుంది. పాతదే, తెల్ల టొయోటా. గ్రాహమ్ సర్వీసు కాగితాలన్నీ వరసగా పెట్టుకున్నాడు. కింద పడుకుని చూడమని చాప కూడా తెచ్చి వేశాడు. గిరిధర్ చాప మీద పడుకుని టార్చి వేసి చూసి, లేచి బట్టలు దులుపుకుని, పిల్లాడిలా మొహం పెట్టి, “తుప్పు లేదు నిరూ,” అన్నాడు. లోపల నిరుపమ సొరుగులు లాగి చూసింది. పోపుల డబ్బా పట్టే చోటుంది. టాయిలెట్ వెనక మూలగా, తలుపుతో సహా విడిగా ఉంది. పొయ్యికి మూడు జానలు ఉంటుంది.

“సర్దుకోవచ్చు,” అంది.

“చూశావా!” అన్నాడు గిరిధర్.

ఒకసారి నడిపి చూడమని గ్రాహమ్ తాళాలిచ్చాడు. నిరుపమ ముందు తలుపు దగ్గరికి వెళ్ళేసరికి ఆయన అప్పటికే అక్కడ ఎక్కి కూర్చున్నాడు. బండి గురించి చెప్పాల్సినవాడు ఆయనే కదా. ఆమె వెనక సీట్లో కూర్చుని బెల్టు పెట్టుకుంది. ముందు ఇద్దరూ గేర్ల గురించి, డీజిల్ ఎంత తాగుతుందనే దాని గురించి మాట్లాడుకుంటున్నారు. ఆమె ఎడమవైపు కిటికీలోంచి చూస్తోంది. మైదానంలో పిల్లలు ఆడుతున్నారు. జీబ్రా క్రాసింగ్ దగ్గర పసుపు హెల్మెట్ పెట్టుకున్న పిల్ల స్కూటర్ మీద ఒక కాలితో నేలని తన్నుకుంటూ రోడ్డు మీదికి దిగుతోంది. వెనక తండ్రి నడిచి వస్తున్నాడు.

వ్యాన్ నెమ్మదించలేదు.

ఏమండీ అనబోయింది నిరుపమ. గొంతులోంచి మాట రాకముందే గ్రాహమ్ “స్టాప్!” అని అరిచి డాష్‌బోర్డు మీద చెయ్యి వేసి కొట్టాడు. వ్యాన్ కీచుమని ఆగింది. సొరుగు జారి తెరుచుకుని చెంచాలన్నీ కింద పడ్డాయి.

ఆ పిల్ల తల కూడా తిప్పకుండా దాటిపోయింది. తండ్రి వాళ్ళ వైపు చూసి, ఆపినందుకు థాంక్స్ అన్నట్టు చెయ్యెత్తాడు.

గిరిధర్ కూడా చెయ్యెత్తాడు.

“బ్రేకులు బాగున్నాయి,” అన్నాడు ఇంగ్లీషులో.

గ్రాహమ్ డాష్‌బోర్డు మీంచి చెయ్యి తీశాడు. తరవాత, “అవును. పోయిన నెలే మార్పించాను,” అన్నాడు.

నిరుపమ వంగి చెంచాలు ఒక్కొక్కటీ ఏరింది. అన్నీ ఏరాక కూడా కాసేపు వంగే ఉంది.

ఇంటి ముందు దిగాక గ్రాహమ్ మర్యాదగానే అడిగాడు, తీసుకుంటారా అని. డిపాజిట్ పంపడానికి గిరిధర్ ఫోన్‌లో అన్నీ పొద్దునే సిద్ధం చేసుకున్నాడు. నొక్కడమే తరువాయి. అతను వ్యాన్ వైపు చూశాడు. తలుపు మీద చెయ్యి వేసి నిమిరినట్టు తుడిచాడు.

“ఈరోజు శనివారం. మావాళ్ళు శనివారం ఇనుము కొనరు,” అన్నాడు.

నిరుపమ తలెత్తి అతని మొహంలోకి చూసింది. శనివారం ఇనుము కొనకూడదన్నది ఆమె మాట. పాతికేళ్ళుగా దాన్ని వెక్కిరించింది అతను. ఒకసారి సేల్‌లో మంచి పెనం చూసి కూడా శనివారమని వదిలేసి వస్తుంటే, “మీ శనిదేవుడికి ఆక్లండ్ టైమా, ఇండియా టైమా? అక్కడ ఇంకా తెల్లారలేదు, శనివారం మొదలవనేలేదు, పెనం తీసుకో,” అని షాపులో అందరూ వినేలా నవ్వాడు. ఆ మనిషి ఇప్పుడు ఆ మాట చాటున నిలబడ్డాడు.

“అవును. మా ఆచారం,” అంది నిరుపమ గ్రాహమ్‌తో.

“మంచిది. రేపు సాయంత్రం దాకా మీకోసం ఉంచుతాను,” అన్నాడాయన. వాళ్ళ కారు దాకా వచ్చి, నిరుపమని మెల్లగా అడిగాడు, “మీరు డ్రైవ్ చేస్తారా?”

“ఇంటి దగ్గర మాత్రమే.”

ఆయన తలూపాడు.

మోటర్‌వే ఎక్కే ముందు ఎర్ర లైటు దగ్గర ఆగారు. నిరుపమ గొంతు సవరించుకుంది. “అదిగో, ఆ నీలం కారు చూడండి, ఎంత...”

“నిరూ.”

ఆగిపోయింది.

“ఎడమవైపు ఏముందో చెప్పు. బాగుందో లేదో చెప్పక్కర్లేదు.”

లైటు మారింది. వెనకవాడు హారన్ కొట్టాడు.

“ఒక కారు ఉంది,” అంది. “పోయింది. ఇప్పుడు ఏమీ లేదు.”

అతను లేన్ మారాడు.

“ట్రక్కు వస్తోంది. ఆగండి. ఆ... ఇప్పుడు ఖాళీ.”

ఇల్లు చేరేదాకా అదే. ఖాళీ అని చెప్పినప్పుడల్లా ఆమె కళ్ళు నిండుతున్నాయి. తుడుచుకుంటే ఆ క్షణం రోడ్డు కనపడదని తుడుచుకోలేదు.

సాయంత్రం అతను కంట్లో చుక్కలు వేసుకోవడానికి తల వెనక్కి వాల్చినప్పుడు ఆమె వెళ్ళి రెప్ప పట్టుకుంది. రోజూ తనే వేసుకునేవాడు. వద్దనలేదు.

ఆదివారం మధ్యాహ్నం పిల్లలు భోజనానికి వచ్చారు. విష్ణు హాబ్సన్‌విల్ నుంచి, కీర్తన తన ఫ్లాట్ నుంచి. విష్ణు చెప్పులు విప్పుతూనే, “ఏది, వ్యాన్ ఏది? డ్రైవ్‌వేలో లేదేంటి?” అన్నాడు.

“కూర్చోండి, చల్లారిపోతోంది,” అంది నిరుపమ. గుత్తివంకాయ, పప్పుచారు, అప్పడాలు. నలుగురూ కూర్చున్నారు.

“బాగోలేదా నాన్నా?”

“బాగుంది,” అన్నాడు గిరిధర్. “నిన్న శనివారం కదా.”

విష్ణు చేతిలో ముద్ద ఆగిపోయింది. “జోకా?”

ఎవరూ నవ్వలేదు.

“అమ్మా! నాన్నని కూడా మార్చేశావా? అంత బాగున్న వ్యాన్, ఆ రేటుకి, శనివారమని వదిలేసి వస్తారా ఎవరైనా?”

“తుప్పు కూడా శనివారమే పడుతుందా అమ్మా?” అంది కీర్తన ఇంగ్లీషులో. ఆమెకి తెలుగు అంతా అర్థమవుతుంది, వెటకారానికి మాత్రం ఇంగ్లీషు కావాలి.

“మొన్నేమో టాయిలెట్ వద్దంది,” అన్నాడు విష్ణు. “అది కుదిరాక శనివారం వద్దంది. రేపు అమావాస్య అంటుంది చూడు. సమ్మర్ అయిపోతుంది.”

నిరుపమ చారు వడ్డిస్తోంది. “పెద్దవాళ్ళు చెప్పిన మాట. పాటిస్తే పోయేదేముంది,” అంది.

“పోయేదేముందా? ఎవరో కొనుక్కుపోతారు, అదే పోయేది. నాన్న లైఫ్‌లో ఒక్కటి అడిగాడమ్మా. ఒక్కటి. అది కూడా నీవల్లే కాలేదు.”

గరిటె గిన్నె అంచుకి తగిలి చారు బల్ల మీద చిందింది. నిరుపమ గుడ్డ తెచ్చి తుడిచింది. “అవున్రా, తప్పు నాదే,” అంది. “తిను ముందు.”

విష్ణుకి ఆ మాట విన్నాక కొంచెం తగ్గాలనిపించింది కాబోలు, ఎడమచేత్తో ఫోన్ తీశాడు. “సరేలే. నిన్న చూసిందేగా, ఇంకా అమ్మేసి ఉండడు. ఆయన నంబర్ చెప్పు నాన్నా. ఇప్పుడే డిపాజిట్ నేను పంపించేస్తా. ఈరోజు ఆదివారం, అమ్మకి కూడా ఓకే.”

“విష్ణూ, ఫోన్ పక్కన పెట్టు,” అన్నాడు గిరిధర్.

గొంతు పెంచలేదు. అయినా విష్ణు ఫోన్ బోర్లించాడు.

“మీ అమ్మ శనివారం అనలేదు. అన్నది నేను. నిన్న ఒక పాప రోడ్డు దాటుతుంటే నాకు కనపడలేదు. పక్కనున్నాయన అరవబట్టి ఆపాను.”

నిరుపమ గుడ్డ పట్టుకుని అలాగే నిలబడింది. ఇప్పుడొద్దు అన్నట్టు చూసింది. అతను ఆమె వైపు చూడలేదు.

“కంట్లో ప్రెషర్ అన్నది నిజమే,” అన్నాడు. “కానీ మీకు చెప్పినంత చిన్నది కాదు. పక్కలు పోతున్నాయి. ఎడమవైపు చాలావరకు పోయింది.”

“డాడీ...” అంది కీర్తన. ఆ తరవాత ఆమెకి ఏ భాషలోనూ మాట రాలేదు.

విష్ణు మొహం ఎర్రబడింది. తల్లి వైపు చూడలేక కంచంలోకి చూశాడు. “అయితే నేను డ్రైవ్ చేస్తా నాన్నా. సెలవు పెడతాను. వ్యాన్ కొనేద్దాం. మీరు ముందు కూర్చుని అన్నీ చూడండి.”

“మంచి మాటే అన్నావురా,” అన్నాడు గిరిధర్. “కానీ నేను చూడ్డానికి కొందామనుకోలేదు. నడపడానికి కొందామనుకున్నాను.”

ఎవరూ తినడం లేదు. వీధిలో ఎవరో గడ్డి కోస్తున్న మెషీన్ చప్పుడు వినిపిస్తోంది.

“అమ్మా...” అన్నాడు విష్ణు.

“తిను నాన్నా,” అంది నిరుపమ.

గిరిధర్ అన్నం కలుపుకుంటూ, మెల్లగానే, అందరికీ వినిపించేలా చెప్పాడు.

“గ్రాహమ్‌కి పొద్దునే ఫోన్ చేసి చెప్పేశాను, వ్యాన్ వద్దని. నేను ఇంక కారు కూడా నడపను. రేపటి నుంచి ఆఫీసుకి బస్సులో వెళ్తాను. మధ్యలో ఒకసారి మారాలి, అంతే.”