రాజుగారి మైల

ఓలందాలో పెద్దరాజుగారు పోయారన్న కబురు బందరు కోటలో ఫిరంగి పేల్చి చెప్పారు. అది తొంభై ఎనిమిది నవంబరు. అప్పటికే దివిసీమలో ముసురు పట్టి ఉంది.

వలందుల, అంటే డచ్చివాళ్ళ, ఓడలు బందరు రేవుకొచ్చిన నాటి నుంచి ఈ తీరం ఎన్ని చేతులు మారినా, బందరు, గుడివాడ, దివి మాత్రం వాళ్ళ రాజుల కిందే ఉండిపోయాయి. తర్వాత వాళ్ళ గడ్డ మీద ఎనిమిది రాజ్యాలు కలిసి ఒకే రాజు కింద సమాఖ్యగా ఏర్పడినప్పుడు, సముద్రాలకి ఇవతలున్న ఈ ముక్కని తొమ్మిదో రాజ్యమన్నారు. పామర్రు దాటి బెజవాడ రోడ్డెక్కితే ఇండియా. ఇవతలంతా రాజుగారిది.

ఒక రాజు పోతే కొత్తరాజుకి తొమ్మిది రాజ్యాలూ ఒప్పుదల చెప్పాలి. చెప్పేదాకా ఉండే సంతాపాన్ని మనవాళ్ళు రాజుగారి మైల అంటారు. ఆ మైలలో మురుగునీళ్ళని సముద్రంలోకి వదిలే లాకుల తలుపులు దించెయ్యాలి. తిప్పే పిడులు ఊడదీసి, ఇరుసు సందుల్లో సీసం కరిగించి పోసి, పిడులు బందరు కోటకి అప్పగించాలి. సముద్రం కంటే పల్లంలో బతికే దేశం వాళ్ళది. నీళ్ళని ఆపేవాడే అక్కడ రాజు. ఆ రాజు లేని రోజుల్లో తలుపు కదలకూడదని నియమం పెట్టుకున్నారు.

దివిసీమలో రెల్లుతిప్ప లాకులకి ఆఫీసరు దయానందం. వాళ్ళ పల్లెలో డిగ్రీ చేసిన మొదటివాడు, అదీ రాజుగారి స్కాలర్‌షిప్పు మీద. ఫోనులో కబురందగానే సీసం పొయ్యి తెప్పించాడు.

"ఒక్క తలుపన్నా వదిలేద్దామండీ, ముసురు చూడండి ఎలా పట్టిందో," అన్నాడు లాకుల తలుపులు తిప్పే లస్కరు పెద్దిరాజు.

"నియమం నియమమే పెద్దిరాజూ."

"ఆ పోయేదేదో వేసంకాలంలో పోతే మా బాగుండేదండీ. మనం ఖాళీగానే ఉంటాం."

దయానందం నవ్వలేదు. సీసం తన చేత్తోనే పోశాడు. పిడులు గోనెసంచిలో కట్టి, బస్సులో బందరు తీసుకెళ్ళి అప్పగించి వచ్చాడు. తొమ్మిదో రాజ్యంలో అందరికంటే ముందు అప్పగించింది తనేనని కోటలో ఎవరో మెచ్చుకున్నారు కూడా.

తర్వాత వాన కుండపోతగా పడింది. పైనుంచి మురుగు కాలువలన్నీ రెల్లుతిప్పకే దిగాయి. పోవడానికి దారి లేదు. కోతకొచ్చిన చేలు ముందు మునిగాయి, తర్వాత పల్లె. కోడూరు రోడ్డు తెగిపోయింది. జనం గొడ్డూ గోదాతో కరకట్ట ఎక్కారు. ఆ కట్ట కూడా నానిపోయి, కాలు పెడితే మెత్తగా దిగబడుతోంది. దానంతటది తెగిందంటే దాని మీదున్న జనంతో సహా సముద్రంలోకి పోతుంది.

దయానందం అక్క సంతోషమ్మ కట్ట మీద తడి దుప్పటి కప్పుకుని కూర్చుని ఉంది. తమ్ముణ్ణి చదివించడానికి పరాయి చేలల్లో కలుపు తీసిన మనిషి.

"ఏరా, మీ రాజు చస్తే నా పొయ్యిలోకి నీళ్ళెందుకు రావాల్రా?" అంది.

"పిడులు తెస్తానక్కా."

"తే. తేకపోతే నువ్వు కూడా రాకు."

పెద్దిరాజు పడవలో అవనిగడ్డ దాకా దింపాడు. అక్కణ్ణించి బస్సు పట్టుకుని దయానందం కోటలో పడ్డాడు. సామాను గది తాళాలు చూసే ఇబ్రహీం అతని ఒంటిమీది బురద చూడగానే లేచి నిలబడ్డాడు.

"తాళంచెవి నా మొలలోనే ఉంది నాయనా. తీశానంటే రాజద్రోహం. ఈ వయసులో పిల్లల్ని రోడ్డున పడెయ్యలేను. మన రాజ్యం ఇంకా ఒప్పుదల చెప్పలేదు."

"ఎనిమిది రాజ్యాలూ చెప్పాయని రేడియోలో అన్నారు కదండీ!"

"మనకి బందరు, దివి, గుడివాడ మెంబర్లు ముగ్గురూ సంతకం పెట్టాలి. బందరాయన పెట్టాడు, దివి ఆయన పెట్టాడు. గుడివాడ బసవపున్నయ్య గారు మొండికేశారు. వెళ్ళి కాళ్ళు పట్టుకో. ఇక్కడ నా కాళ్ళు పట్టుకుని లాభం లేదు."

పామర్రులో బస్సు మారి గుడివాడ చేరేసరికి మధ్యాహ్నమైంది. అక్కడ వాన వెలిసింది. బసవపున్నయ్య రైసుమిల్లు అరుగు మీద పేపరు చదువుకుంటున్నాడు.

"దివి నుంచి వచ్చావా? కూర్చో అబ్బాయ్. కాఫీ తాగుతావా?"

"మావాళ్ళు కట్ట మీదున్నారండీ. మీరు సంతకం పెడితే పిడులిస్తారు. దయచేసి పెట్టండి."

ఆయన పేపరు మడిచాడు. "మా గుడివాడ చేలకి రెండో పంటకి, దాళ్వాకి, నీళ్ళు ఇండియావాళ్ళు వదిలితేనే. ఢిల్లీతో మాట్లాడమని పెద్దరాజుగారిని ఎన్నిసార్లడిగాం! చూద్దాం, చూద్దాం అనే పోయారు. రాజుకి మనతో పనుండేది ఒప్పుదల చెప్పే నాలుగు రోజులే. ఇప్పుడు అడగలేదనుకో, ఇంకో రాజు చచ్చేదాకా నోరెత్తే పన్లేదు. మా రైతులు నన్ను నిలదీస్తారు."

"మీరడిగేది న్యాయమేనండీ. కానీ మునిగేది మేము."

"నాకు మాత్రం తెలీదా? అసలు నువ్వు లాకులెందుకు మూశావ్?"

"మైల కదండీ! నియమం."

బసవపున్నయ్యకి నవ్వొచ్చింది. ఆ నవ్వు దగ్గులోకి దిగింది. "ఈ పెద్దరాజుగారి తండ్రి పోయినప్పుడు నేను ఓలందా రాజధానిలో లా చదువుతున్నా. ఒక్క తలుపు దించలేదయ్యా అక్కడ. ఊరి మధ్య పాతలాకు ఒకటుంది, అందులో నీళ్ళు కూడా లేవు. దానికి నల్లగుడ్డ కట్టారు. జనం దాని పక్కన నిలబడి ఫొటోలు దిగారు. మైల అంటే వాళ్ళకి అదీ! నిజంగా మూసుకుని కూర్చునేది ఈ లోకంలో మనం ఒక్కళ్ళమే."

దయానందానికి కరిగిన సీసం వాసన ముక్కుకి తగిలినట్టయింది. ఎవరూ పక్కన నిలబడి పొయ్యమనలేదు. చివరి చుక్కదాకా తనే పోశాడు.

వంగి ఆయన కాళ్ళు పట్టుకున్నాడు.

"లే, లే. రేపు రాజధాని నుంచి ఫోనొస్తుంది. సాయంత్రానికి తేల్చేస్తా."

"రేపటిదాకా కట్ట ఆగదండీ."

"మాటొస్తే చాలు, వెంటనే పెడతా. అంతదాకా ఎలాగోలా ఆ కట్టని కాచుకో అబ్బాయ్," అంటూ ఆయన మొహం పక్కకి తిప్పుకున్నాడు.

మర్నాడు పొద్దున్న దయానందం ఖాళీ చేతులతో పడవ దిగాడు. పెద్దిరాజు వంగిపోయిన గునపం చూపించాడు. సీసం చెక్కుచెదరలేదు.

"మీరు చాలా బాగా పోశారండీ," అన్నాడు. వెటకారమో కాదో తెలియలేదు.

కట్ట మీద అందరి చూపూ అతని ఖాళీ చేతుల మీదే ఉంది. సముద్రం ఆటు మీద వెనక్కి తీసి ఉంది. ఇప్పుడు కట్టకి గండి కొడితే లోపలి నీళ్ళు బయటికి పోతాయి, జనం బతుకుతారు. మళ్ళీ పోటు వచ్చినప్పుడు అదే గండిలోంచి ఉప్పునీళ్ళు లోపలికొస్తాయి. ఎన్నేళ్ళు చేలు పండవో ఎవరూ చెప్పలేరు. పైగా రాజుగారి కట్ట తవ్వినవాడికి ఉద్యోగం పోతుంది, జైలు కూడా.

దయానందం పార తీసుకున్నాడు. ఎక్కడ కొట్టాలో తెలియక అలాగే నిలబడ్డాడు.

సంతోషమ్మ లేచొచ్చింది. "మన చేను పక్కన కొట్టు. అదే పల్లం."

"అక్కా, నీకున్నది ఆ ఎకరమేగా!"

"ఇంకొకళ్ళ చేలో కొడితే ఆఫీసరువని నోరు మూసుకుంటారు. నేనైతే బతికినన్నాళ్ళూ తిడతా. తిట్టించుకో."

మొదటి దెబ్బ దయానందమే వేశాడు. పెద్దిరాజు వచ్చి పక్కన నిలబడ్డాడు. తర్వాత మగాళ్ళూ ఆడాళ్ళూ, పార దొరికినవాళ్ళు పారతో, లేనివాళ్ళు చేతులతో. సన్నగా మొదలైన నీళ్ళు కాసేపట్లో కట్టని కొరుక్కుంటూ, చప్పుడు చేసుకుంటూ సముద్రంలోకి దూకాయి. పల్లె గుడిసెల చూర్లు బయటపడ్డాయి. తర్వాత గోడలు. ఒకావిడ ఏడుస్తూ ఇంటివైపు పరిగెత్తింది.

పోటు రాగానే గండిలో నీళ్ళు ఒక్క క్షణం కదలకుండా నిలబడ్డాయి. ఆ తర్వాత లోపలికి తిరిగాయి. వాలిపోయిన వరికంకుల మీదుగా నురుగు పాకుతూ సంతోషమ్మ చేలోకి వెళ్ళింది. ఆమె నడుముదాకా దిగి, అందినన్ని కంకులు తుంచి ఒళ్ళో వేసుకుంటోంది. తిట్లు అప్పుడే మొదలుపెట్టింది.

సాయంత్రం బందరు నుంచి పడవ వచ్చింది. కోట ఆఫీసరు ఒకాయన గోనెసంచిలో పిడులు తెచ్చాడు. వెంట సీసం కరిగించే మనిషి కూడా ఉన్నాడు. దాళ్వా నీళ్ళకి రాజధాని నుంచి మాట వచ్చిందట, బసవపున్నయ్య సంతకం పెట్టాడట. కొత్తరాజుగారి శుభం కోసం లాకుల తలుపులన్నీ పొద్దుగుంకే లోపు పూర్తిగా ఎత్తాలని ఉత్తరువు.

దయానందం తలుపులకి అవతలివైపు చూశాడు. పోటు బాగా పొంగి ఉంది. ఇప్పుడు ఎత్తితే ఆ ఉప్పు రెల్లుతిప్పతో ఆగదు, మురుగు కాలువ వెంబడి పై ఊళ్ళకి ఎక్కుతుంది.

"ఎత్తనండీ," అన్నాడు.

"ఏవిటీ? రాజుగారి ఉత్తరువయ్యా!"

"మీ రాజధానిలో ఎన్ని తలుపులు దించారో కనుక్కుని రండి. అన్ని ఎత్తుతాను."

ఆఫీసరు మొహం ఎర్రబడింది. గండి చూశాడు. పార ఇంకా దయానందం చేతిలోనే ఉంది. "ఇది ఎవరు తవ్వారు?" అనడిగాడు.

కట్ట మీద ఎవరూ నోరు మెదపలేదు. చేలోంచి సంతోషమ్మ తిట్లు మాత్రం వినబడుతున్నాయి, తమ్ముడి పేరు పెట్టి, గట్టిగా.

"నేనేనండీ," అన్నాడు దయానందం. పారని కింద పెట్టి, పిడులున్న గోనెసంచి మీద కూర్చున్నాడు.