కమ్మీ మీద చెయ్యి

ఫొటోల్లో ఆ ఇల్లు రాజభవనంలా ఉంది. తీరా వచ్చి చూస్తే మూడు పడగ్గదులు, రెండు బాత్‌రూములు, లాగితే మంచమయ్యే సోఫా ఒకటి, ఇంటివాళ్ళు తాళం వేసి పెట్టుకున్న అల్మరా ఒకటి. ఫ్రిజ్ తలుపు మీద నియమాల కాగితం అతికించి ఉంది. తడికాళ్ళతో లోపలికి రావద్దన్న దగ్గర మొదలై, గోడలకు మేకులు కొట్టొద్దన్న దాకా ఇరవై రెండు.

"ఇల్లు ఇరకాటం అన్నారు పెద్దలు. ఆ రెండో మాట నేను అనను బాబూ," అన్నాడు అల్లుడు పెట్టెలు మోస్తూ, ఓరకంట పెళ్ళాన్ని చూస్తూ.

"అనకపోయినా వినపడింది," అంది కూతురు. అందరూ నవ్వారు.

నవ్వనిది పెద్దాయన ఒక్కడే. ఆయనకు నిజంగానే వినపడలేదు. ముప్పై నాలుగేళ్ళు లిఫ్టు మెకానిక్‌గా మేడల నెత్తిన మోటారు గదుల్లో బతికిన మనిషి. ఎడమ చెవి పూర్తిగా పోయింది, కుడిది సగం. చెవిమిషను పెట్టుకుంటే గిన్నెల చప్పుడు తప్ప మనిషి మాట వినపడదని దాన్ని జేబులోనే ఉంచుకుంటాడు. రిటైరయ్యాక ఇంకో జబ్బు కూడా పట్టుకుంది. ఉత్త భయం. గ్యాసు కట్టేశారా, తలుపు పడిందా, పిల్ల మెట్లు దిగుతోందా. ఇక్కడికి వచ్చీ రాగానే ఈతకొలను గేటు గడియ మూడుసార్లు లాగి చూశాడు.

"తనిఖీ అధికారిగారు వచ్చేశారు," అన్నాడు కొడుకు. ఆ మాటలో వేళాకోళం సగం, విసుగు సగం.

ఈ ప్రయాణం కొడుకు ఆలోచనే. అమ్మానాన్నా, చెల్లీ బావగారూ, తనూ తన భార్యా కూతురూ, ఏడుగురూ ఒకే కప్పు కింద ఐదురోజులు. అసలు కారణం మాత్రం ఆ కూతురే. పదేళ్ళ పిల్ల. నోరు మూతపడదు గనక అందరికీ పిట్ట. అక్కడి అమ్యూజ్‌మెంట్ పార్కులో అన్నిటికన్నా పెద్ద రైడు, రోలర్‌కోస్టర్, ఎక్కాలంటే పిల్లలకి ఇంత ఎత్తు ఉండాలని గీత ఉంది. పోయినేడు పిట్ట రెండు వేళ్ళు తక్కువైంది. ఏడాదంతా తలుపుకి వీపు ఆనించి కొలుచుకుంటూనే ఉంది. ఈసారి గీత దాటింది.

మర్నాడు పొద్దున్నే పార్కుకి వెళ్ళారు. ఆ రైడు దగ్గర గంటన్నర వరస. పెద్దాయన ఎక్కడు గానీ, పిట్ట బలవంతం మీద తోడుగా వరసలో నిలబడ్డాడు. వరస మెలికలు తిరుగుతూ పోయి, చివర్లో పట్టాలను మోసే పెద్ద ఇనుప స్తంభాల మధ్య నుంచి సాగుతుంది. కాళ్ళు పీకుతుంటే ఆయన పక్కనున్న కమ్మీని పట్టుకున్నాడు.

ఎన్నో ఏళ్ళుగా ఆయన మోటార్లను చెవులతో కాదు, అరచేతులతో వింటూ వచ్చాడు. పైన బండి గొలుసు పట్టుకుని ఎక్కుతుంటే కమ్మీలో సన్నటి వణుకు పుట్టింది. అది మామూలే. బండి మూడొంతులు ఎక్కేసరికి టక్ టక్ మని జంటగా ఒక దెబ్బ. ఆయన చెయ్యి తీసి, ప్యాంటుకి తుడుచుకుని, మళ్ళీ పెట్టాడు. తరవాతి బండి ఎక్కింది. అదే చోట, అవే రెండు దెబ్బలు. ఏడు బండ్లకి చూశాడు. ఏడుసార్లూ కొట్టింది.

"ఒరేయ్, దీంట్లో ఏదో వదులైంది," అన్నాడు కొడుకుతో.

"నాన్నా, ఇప్పుడు మొదలెట్టకు."

"చప్పుడు వస్తోందిరా."

"భోజనానికి నాలుగుసార్లు పిలిస్తే వినపడదు నీకు. అంత పైనున్న చప్పుడు వినపడిందా?"

ముందూ వెనకా ఉన్నవాళ్ళు తిరిగి చూశారు. వరస కదిలింది. ఎక్కే చోట పెద్దాయన యూనిఫాంలో ఉన్న అమ్మాయికి విషయం చెప్పాడు. "రోజూ పొద్దున్నే తనిఖీ చేస్తారండీ," అందామె నవ్వు చెదరకుండా. మెకానిక్కుని పిలవమన్నాడు. అలాగేనంటూనే గేటు తీసిందామె. పిట్ట తండ్రి చెయ్యి వదిలి ముందుసీటుకేసి పరుగెత్తింది.

ఆ తరవాత జరిగింది పెద్దాయనకి ముక్కలుముక్కలుగానే గుర్తుంది. పిట్ట మణికట్టు తన గుప్పిట్లో ఉంది. "ఎక్కొద్దు! ఎవరూ ఎక్కొద్దు! దిగండి!" అని ఎవరో అరుస్తున్నారు, ఆ గొంతు తనదే. పిల్ల గింజుకుంటోంది. సీట్లలో కూర్చున్న వాళ్ళు బెల్టులు విప్పుకుని లేస్తున్నారు. వెనక ఒకావిడ ఏడుపందుకుంది. కొడుకు వచ్చి ఆయన వేళ్ళు ఒక్కొక్కటీ విడదీయాల్సి వచ్చింది.

రైడు ఆపేశారు. ఇద్దరు మెకానిక్కులు పైకెక్కి అరగంట చూసి దిగి, అంతా బాగానే ఉందన్నారు. గార్డులు మర్యాదగానే ఏడుగురినీ బయటి గేటుదాకా సాగనంపారు. వరసలో జనం దారిచ్చి, ఆయన్ని చూసిన చూపు మాత్రం మర్యాదగా లేదు.

కారులో పిట్ట ఒక్క మాట మాట్లాడలేదు. ఆ పిల్ల నోరు మూతపడటం అదే మొదలు.

మధ్యాహ్నం మూడింటికి వంటింటి బల్ల దగ్గర కోడలు పిల్ల చేతికి మందు రాస్తోంది. తెల్లటి మణికట్టు మీద నాలుగు వేళ్ళ గుర్తులు కమిలి కనపడుతున్నాయి. పెద్దాయన గుమ్మంలోనే ఆగిపోయాడు.

"నేను చేశానా అది?"

కోడలు ఎప్పుడూ ఆయనకి ఎదురు మాట్లాడి ఎరగదు. ఇప్పుడూ గొంతు పెంచలేదు. "మామయ్యగారూ, తాతయ్యకి పిచ్చెక్కిందా అని అడుగుతోంది. ఏం చెప్పమంటారు?"

కొడుకు అప్పటిదాకా బిగపట్టుకున్నది ఒక్కసారిగా తెగింది. "నీ భయాలు నీ దగ్గరే ఉంచుకో నాన్నా! తాడు కనిపిస్తే పాము, నీడ కనిపిస్తే దెయ్యం. నీ దడుపు ఇవాళ నా కూతురి చేతిమీద అచ్చుపడింది. ఎందుకిలా తయారయ్యావు? ఏం జరిగిందని?"

"అన్నయ్యా, ఊరుకో," అంది కూతురు.

"ఊరుకోడు. ఊరుకోకూడదు కూడా," అన్నాడు పెద్దాయన. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. జేబులోంచి చెవిమిషను తీసి పెట్టుకున్నాడు. వీళ్ళు ఏమన్నా పూర్తిగా వినాలనుకున్నాడు.

"నీకు సైకిలు నేర్పిన బాబాయి గుర్తున్నాడా?"

కొడుకు ముఖం మారింది. గుర్తులేకపోవడమేం? నాన్నతో పదకొండేళ్ళు జతగా పనిచేసిన మెకానిక్. పండులాంటి మనిషి. లిఫ్టు పెట్టె నెత్తినెక్కి పనిచేస్తుండగా అది జారి, పోయాడు. పైన బ్రేకు సరిచూసుకోకుండా ఎక్కాడని, తప్పు అతనిదేనని విచారణలో తేలింది. ఇంట్లో అందరికీ తెలిసిన కథ అదే.

"ఆ పొద్దున్న మోటారు మీద చెయ్యి పెట్టి చూశాను," అన్నాడు పెద్దాయన. "బ్రేకు పట్టేటప్పుడు ఒక తొట్రుపాటు. చేతికి తెలిసింది. కింద జనం ఆలస్యమవుతోందని అరుస్తున్నారు. మధ్యాహ్నం చూద్దాంలే అనుకున్నాను. వాడికి చెప్పలేదు, రిజిస్టరులో రాయలేదు. వాడు నన్ను అడిగాడు, 'అన్నా, ఎక్కనా?' అని. ఎక్కమన్నాను."

కొళాయిలోంచి నీటిచుక్క పడుతోంది.

"విచారణలో ఏం చెప్పావు?" అన్నాడు కొడుకు.

"వాడు నన్ను అడక్కుండా ఎక్కాడని చెప్పాను. పోయినవాడు మళ్ళీ వచ్చి కాదంటాడా? అప్పటికి నువ్వు నాలుగో క్లాసు, చెల్లాయి ఒళ్ళో పిల్ల. ఉద్యోగం పోతే ఎలా అనుకున్నాను. అది సాకు కాదు. అనుకున్నది చెప్తున్నాను."

కొడుకు లేచి పెరటి తలుపు తీసుకుని బయటికి వెళ్ళిపోయాడు. ఈతకొలను చుట్టూ ఉన్న కంచె దగ్గర నిలబడి, భుజాలు కదులుతుంటే, అలా చాలాసేపు వీపు చూపిస్తూనే ఉన్నాడు.

పెద్దాయన భార్య వైపు తిరగలేకపోయాడు. ఆవిడే మాట్లాడింది.

"అతని భార్య మనింటికొచ్చింది, తెలుసా మీకు? అప్పుడే, నెల తిరక్కుండానే. 'మా ఆయన తొందరపాటుకి మీవారు నలుగురిలో నిలబడి చెప్పాల్సి వచ్చింది, ఏమీ అనుకోకండి' అని నా చేతులు పట్టుకుంది. నేను పెద్దమనసు చేసుకుని తలూపాను." ఆవిడ తన చేతులకేసి చూసుకుంది. "తలూపానండీ నేను. ఆవిడని నేను క్షమించాను."

ఆ సాయంత్రం ఎవరి పళ్ళెం వాళ్ళు తీసుకుని ఎవరి మూల వాళ్ళు కూర్చున్నారు. ఏడుగురికి ఇరుకన్న ఇల్లు ఒక్కసారిగా మైదానమంత అయిపోయింది.

మర్నాడు ఎనిమిదింటికి పెద్దాయన ఒక తెల్లకాగితం మీద తనకు తెలిసింది రాశాడు. ఏ స్తంభం, గొలుసు మీద ఎంత ఎత్తున, ఎన్నిసార్లు. అల్లుణ్ణి కారు తీయమన్నాడు. "మళ్ళీ అక్కడికా మామయ్యగారూ?" అంటూనే అల్లుడు తాళంచెవి తీసుకున్నాడు. ఆయన వెళ్ళింది గేటుకి కాదు, పక్కనున్న మరమ్మతుల ఆఫీసుకి. అక్కడి ఇంజనీరు నలభై ఏళ్ళావిడ, గోళ్ళలో గ్రీసు. నిన్నటి గొడవ మనిషి ఈయనేనని తెలిసి కూడా కాగితం పైనుంచి కిందిదాకా చదివింది.

"ఏడుసార్లూ ఒకే చోటా?"

"ఒకే చోట."

"నిన్న మావాళ్ళు పట్టాలు చూశారు. మీరు చెయ్యి పెట్టిన చోటు చూడలేదు. పదండి."

పార్కు ఇంకా తెరవలేదు. ఖాళీ బండిని పైకి పంపించింది. ఇద్దరూ కమ్మీ మీద చేతులు పెట్టారు. మూడొంతులు ఎక్కేసరికి టక్ టక్. ఆవిడ కనుబొమలు లేచాయి. మోకాళ్ళ మీద కూర్చుని కమ్మీ వెంబడి తడుముకుంటూ పోయి, స్తంభానికి దాన్ని బిగించిన పట్టీ దగ్గర ఆగింది. దాని నట్టు వేళ్ళతోనే తిరిగింది. పైన బండి బరువుకి స్తంభం అదిరినప్పుడల్లా ఆ పట్టీ వెళ్ళి స్తంభానికి కొట్టుకుంటోంది. రైడులో ఏ లోపమూ లేదు. లోపం వరసలో జనం ఆనుకునే కమ్మీలో ఉంది.

ఆవిడ పానాతో బిగించి బండిని మళ్ళీ పంపించింది. వణుకు వచ్చింది. దెబ్బ రాలేదు.

"మీ చెయ్యి మంచి చెయ్యే సార్," అంది. "నట్టు వదులైందని మాకు తెలియదు. చెప్పినందుకు థాంక్స్. కానీ నిన్న మీవల్ల జనం తొక్కిసలాడి ఎవరైనా పడిపోయి ఉంటే?"

"నిజమేనమ్మా," అన్నాడు పెద్దాయన. అక్కడున్న మెట్టు మీద కూర్చున్నాడు.

తిరిగొచ్చేటప్పుడు అల్లుడు హుషారుగా ఉన్నాడు. "మామయ్యగారూ, ఏదో వదులైందన్నారు, అయింది! ఇంట్లో నేను చెప్తాను చూడండి."

"వద్దు. ఉన్నది ఉన్నట్టు నేనే చెప్తాను. ఒకసారి కల్పించి చెప్పింది చాలు."

చెప్పాడు. దెబ్బ నిజమే, ప్రమాదం తన ఊహేనని చెప్పాడు. పిట్టని ఆ రైడు ఎక్కించమన్నాడు. కొడుకు విని, సరేనన్నట్టు తల ఆడించాడంతే. ముందురోజు మాట గురించి ఏమీ అనలేదు. ఆ రోజే కాదు, ఆ తరవాత కూడా చాలాకాలం ఏమీ అనలేదు.

నాలుగోరోజు పిట్ట తండ్రితో వెళ్ళి రైడెక్కింది. ఒకసారి కాదు, మూడుసార్లు. పెద్దాయన ఇంట్లోనే ఉండిపోయాడు. రమ్మని ఎవరూ అడగలేదు, వస్తానని ఆయనా అనలేదు. సాయంత్రం జుట్టు రేగిపోయి, గొంతు బొంగురుపోయి వచ్చిన పిల్లని గుమ్మంలో చూసేదాకా ఆయన మంచినీళ్ళు కూడా తాగలేదని భార్యకి తెలుసు. కానీ అడగలేదు. ఆవిడ ఆయనతో మాట్లాడింది ఆ చివరిరోజు పొద్దున్న, దుప్పట్లు మడతపెడుతూ.

"ఇంటికెళ్ళాక ఆవిడ ఎక్కడుందో కనుక్కోండి. నేనూ వస్తాను. నాకోసం వస్తాను, మీకోసం కాదు. చెప్పేది మాత్రం మీరే."

"తిట్టి తరిమేస్తుందేమో."

"తరమనివ్వండి. అది ఆవిడ హక్కు."

పెద్దాయన దుప్పటి రెండో కొస అందుకున్నాడు. ఆవిడ లాగేసుకోలేదు. ఇద్దరూ కలిసి మడతపెట్టారు.

కింద కారులో సామాను సర్దుతున్నారు. పిట్ట మెట్టు మీద కూర్చుని చెప్పులు తొడుక్కుంటోంది. మణికట్టు మీది మచ్చలు పచ్చబడ్డాయి. ఆయన పక్కన కూర్చుంటే లేచిపోలేదు గానీ, ఆ చేతిని మాత్రం ఒళ్ళోకి లాక్కుంది.

"తాతయ్యా," అంది. "ఆ చనిపోయిన తాతకి పిల్లలున్నారా?"

"ఒక కూతురు. అప్పుడు నీ అంత ఉండేది."

"వాళ్ళ నాన్నదే తప్పని చెప్పావా ఆ అమ్మాయికి కూడా?"

"చెప్పాను," అన్నాడు పెద్దాయన.

పిట్ట రెండో చెప్పు తొడుక్కుని, నాన్న పిలిస్తే కారు దగ్గరికి వెళ్ళింది.