ఎవరికీ పనికిరాని వస్తువు

“దాంట్లో రంగులు రావట. పాటలు రావట. వీడియోలు అసలే రావట. మరింకెందుకోయ్ అది?” అన్నారు మా ఆయన, ఫోనులోంచి తలెత్తకుండానే.

నేను ఆరిన బట్టలు మంచం నిండా పోసుకుని మేజోళ్లకి జతలు వెతుకుతున్నాను. మా ఇంట్లో మేజోళ్లు విప్పి తలోదిక్కున పడేసేవాళ్లకి లోటు లేదు, జత కలిపేదాన్ని మాత్రం నేనొక్కదాన్నే. “పుస్తకాలు వస్తాయి కదండీ,” అన్నాను. “పుస్తకాలు నీ ఫోనులోనూ వస్తాయి,” అన్నారాయన.

నా ఫోను! పేరుకే నాది. దాన్నిండా పాప స్కూలు గ్రూపులు, అత్తయ్య మాత్రల అలారాలు, కరెంటు బిల్లు, పాప బొమ్మల వీడియోలు. నేను పనిచేసే కళ్లజోళ్ల షాపువాళ్లు కూడా అందులోంచే పిలుస్తారు. ఏ కథో తెరిచి రెండు వాక్యాలు చదివానో లేదో, పైనుంచి ఏదో ఒకటి ఊడిపడుతుంది. పోనీ కాగితం పుస్తకం చదువుదామా అంటే, దానికీ సుఖం లేదు. పాప చదువుకునే బల్లకి చోటు చాల్లేదని నా పుస్తకాల అలమరా ఎప్పుడో ఎవరికో ఇచ్చేశారు. “ఆ దుమ్ముకి నాకు ఆయాసం వస్తోందే అమ్మాయ్,” అన్నారు అత్తయ్య. పైగా చేతిలో పుస్తకం కనిపిస్తే చాలు, “ఖాళీగానే ఉన్నావుగా,” అంటూ ఎవరో ఒకరు ఓ పని పురమాయిస్తారు. అదే ఫోను చూస్తూ కూర్చున్న మా ఆయన్ని ఆ మాట అన్నవాళ్లు లేరు. ఆయన ‘ఏదో చూసుకుంటున్నారు’.

అందుకే నాకు పుస్తకాలు చదువుకోవడానికి తప్ప ఇంకెందుకూ పనికిరాని ఆ నలుపూ తెలుపూ ఈ-రీడర్ కావాలనిపించింది. అది మోగదు, ఎవర్నీ పిలవదు, బిల్లు కట్టదు, బొమ్మలు చూపించదు. ఇంట్లో ఇంకెవరికీ ఎందుకూ పనికిరాదు. నాకు కావాల్సింది సరిగ్గా అదే. ఈ ఇంట్లో అలాంటి వస్తువు ఒక్కటైనా నాకుండాలని ఎంత ఆశపడ్డానో చెప్తే నవ్వుతారు. దానికి తోడు ఇంకో ఆశ. పెళ్లికి ముందు లైబ్రరీలో ఒక నవల మొదలుపెట్టాను. రేవులో టిక్కెట్లు చింపే ఆవిడ కథ. సగంలో ఉండగా నా పెళ్లి పనులొచ్చాయి, పుస్తకం తిరిగిచ్చేశాను. చివరికి ఆవిడ తనూ ఆ రేవులో పడవ ఎక్కిందో లేదో నాకిప్పటికీ తెలీదు. కూర మాడకుండా కలుపుతూ ఆలోచిస్తాను, ఎక్కిందా, ఆగిపోయిందా అని.

మా ఆయన ఏది కొనాలన్నా వీడియోల మీద వీడియోలు చూస్తారు. వాషింగ్ మెషీన్ అలాగే ఎంచారు. ఎంచింది ఆయన, నడిపేది నేను. రీడర్ కోసమూ మొదలుపెట్టారు. తెర ఎంత ఉండాలి, వెనక వెలుతురు ఉండాలా, నీళ్లలో పడితే ఏమవుతుంది... వారాల తరబడి ఇదే గొడవ. చివరికి తేల్చిందేమిటయ్యా అంటే, “ట్యాబ్లెట్ కొందాం. నీకు పుస్తకాలు, పాపకి క్లాసులు, అమ్మకి ప్రవచనాలు.” పెళ్లికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకెళ్లడం అంటే ఇదే. “వద్దండీ. నా జీతంతో నాకు కావాల్సింది కొనుక్కుంటాను,” అన్నాను. “నీ జీతం, నా జీతం అని వేరేగా ఉన్నాయా మనకి?” అన్నారు. ఆ మాట నా జీతం కదిలినప్పుడే వినబడుతుంది మా ఇంట్లో. అయినా కొన్నాను. అట్టపెట్టె విప్పానో లేదో, “ఇటివ్వు, నీకు తెలీదు. నా అకౌంటు ఉందిగా, అందులోనే పెట్టేస్తా,” అని చేతిలోంచి తీసుకున్నారు. ఇచ్చేశాను. అలా ఇచ్చేయడం అలవాటైపోయింది.

తీరా చూస్తే దాంట్లో చదవడానికి తెలుగు పుస్తకాలు లేవు. ఉన్న నాలుగూ బరువు తగ్గడం ఎలా, భర్త మనసు గెలవడం ఎలా. ఇంకోచోట కొన్న పుస్తకం అసలు తెరుచుకోనేలేదు. మరొకటి తెరుచుకుందిగానీ ఒత్తులన్నీ ఊడి పక్కన పడ్డాయి. ఇంకోటి పాత పుస్తకానికి ఫొటోలు తీసి పెట్టింది, అక్షరాలు చీమ తలకాయలంత. రోజంతా షాపులో పెద్దవాళ్లకి “ఇప్పుడు కనిపిస్తోందా అండీ?” అని అద్దాలు మార్చి మార్చి చూపించే నేను, ఆ పేజీ ముందు కళ్లు చికిలించుకుని కూర్చున్నాను. మా ఆయన పడీ పడీ నవ్వారు. “ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం! నేను చెప్పానా లేదా?”

నాకు పంతం వచ్చింది. వెతగ్గా వెతగ్గా, ఆ రేవు నవలని కొత్తగా వేసిన చిన్న ప్రచురణ సంస్థ ఒకటి దొరికింది. ఫోన్ చేస్తే ఒక పెద్దావిడ ఎత్తారు. “ఏ రీడరమ్మా మీది? ఆహా, దానికి ఆ ఫైలు పనికిరాదు. వేరే రకంది చేసి పంపిస్తానుండండి. అక్షరాలు విరిగితే మళ్లీ ఫోన్ చేయండి, మొహమాటపడకండి.” నాతో ఎవరైనా మొహమాటపడొద్దని చెప్పి ఎన్నాళ్లయిందో!

ఫైలు వచ్చింది. విరగలేదు. మధ్యాహ్నం భోజనాల వేళ షాపు వెనక, అద్దాలు అరగదీసే గదిలో స్టూలు మీద కూర్చుని చదివాను. వేలితో అక్షరాలు పెద్దవి చేసుకున్నాను. ఎంత హాయిగా ఉందో! టిక్కెట్లావిడ నన్ను గుర్తుపట్టి, ‘ఇన్నాళ్లూ ఏమైపోయావే?’ అన్నట్టనిపించింది. ఒకచోట ఆవిడ అనుకుంటుంది: ‘నాకొక మధ్యాహ్నం కావాలి. ఎవరి కోసమూ కాని మధ్యాహ్నం.’ ఆ మాట కింద గీత గీశాను. గీస్తే, ఏమైనా రాసుకుంటారా అని అడిగింది రీడరు. ‘నాకూ’ అని రాశాను. రాశాక ఎందుకో కళ్లల్లో నీళ్లు తిరిగాయి, మళ్లీ నాలో నేనే నవ్వుకున్నాను.

ఆ ఆదివారం మా ఆడపడుచు వచ్చింది. అందరూ భోజనాలకి కూర్చున్నారు, నేను వడ్డిస్తున్నాను. మా ఆయన ఫోను తీసి గొంతు సవరించుకున్నారు. “వినండర్రా. ‘నాకొక మధ్యాహ్నం కావాలి. ఎవరి కోసమూ కాని మధ్యాహ్నం.’ దాని కింద మా మేడమ్ గారు ఏం రాశారో తెలుసా? ‘నాకూ’ అట!” ఆడపడుచుకి పొలమారింది. “అన్నయ్యా, పోనీ ఓ మధ్యాహ్నం ఇచ్చెయ్యి పాపం వదినకి,” అంది. “ఇస్తానే, కాకపోతే ముందు ఆ కూర ఇటు రావాలి,” అన్నారాయన. అత్తయ్య కూడా నవ్వారు. నేనూ నవ్వాను. గరిటె పట్టుకుని నిలబడి, అందరితోపాటు, అందరికంటే కాస్త గట్టిగానే నవ్వాను. అది తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండిపోతుంది, వాళ్ల మీద కంటే నా మీద.

ఆడపడుచు వెళ్లాక అడిగాను, “నా పుస్తకం మీరెందుకు చూశారండీ?”

“నేనెందుకు చూస్తాను? అదే వచ్చి పడింది నా ఫోనులో. అకౌంటు ఒకటేగా. నువ్వు ఎంతవరకు చదివావో, ఎక్కడ గీశావో, అన్నీ వచ్చేస్తాయి.”

“ఆ సంగతి నాకు చెప్పాల్సింది కదా.”

“కథల పుస్తకానికి ఇంత రాద్ధాంతమా? సరదాకి అన్నాను. నీకీమధ్య దేనికీ నవ్వు రావట్లేదు.”

అంటే ఆ స్టూలు మీద నేను ఒక్కదాన్నే కూర్చోలేదన్నమాట. నేను పేజీ తిప్పిన ప్రతిసారీ ఆయన జేబులోనూ తిరుగుతూనే ఉంది.

మర్నాడు షాపులో రీడరుని అటూ ఇటూ నొక్కి చూశాను. దానికో పేరుందని అప్పుడే తెలిసింది. ఆయన పేరు, పక్కన ‘రెండో పరికరం’ అని. బాగుంది, ఇంట్లో మొదటిది నేనే అయ్యుంటాను. అకౌంటులోంచి తీసెయ్యాలంటే ఏం చెయ్యాలో వెతికాను. తీసేస్తే ఇందులో ఉన్నవన్నీ పోతాయి, సరేనా, అని అడిగింది. నా వేలు ఆగిపోయింది. లైబ్రరీలో నేను వదిలేసిన చోటు దాటి వచ్చేశాను, టిక్కెట్లావిడ చీర కొంగు బిగించి పడవ వైపే నడుస్తోంది. ఇంకో పది పేజీలు చదివేసి నొక్కొచ్చు కదా అని ప్రాణం లాగింది. కానీ ఆ పది పేజీలూ ఆయన జేబులో చదవాలి. నొక్కేశాను. తెర తెల్లగా, ఖాళీగా అయిపోయింది.

నా పేరు మీద ఒక మెయిలు పెట్టుకున్నాను, ఒక అకౌంటు తెరిచాను. ప్రచురణ సంస్థ పెద్దావిడకి భయపడుతూ ఫోన్ చేశాను. “అయ్యో, ఎందుకమ్మా అంత నసుగుతారు? ఒకసారి కొన్నాక అది మీదే. ఇప్పుడే మళ్లీ పంపిస్తాను,” అన్నారావిడ.

సాయంత్రం వంటింటి గట్టు దగ్గర, బియ్యం ఉడికేలోపు చదువుకుంటున్నాను. మా ఆయన వచ్చారు. “నీ రీడరు నా అకౌంటులోంచి మాయమైపోయింది. ఏదో పాడుచేసుంటావు. ఇటివ్వు, సరిచేస్తా.”

“పాడవలేదండీ. నేనే తీసేశాను. నాకు వేరే అకౌంటు పెట్టుకున్నాను.”

ఆయన చాచిన చెయ్యి అలాగే ఉంచారు. నవ్వుతున్నట్టే అడిగారు, “ఓహో. పాస్‌వర్డ్ ఏంటి?”

ముందుగదిలోంచి అత్తయ్య గొంతు వినిపించింది. “మొగుడూ పెళ్లాల మధ్య తాళాలేంటమ్మాయ్, విడ్డూరం కాకపోతే!”

పెళ్లయినప్పట్నుంచీ ఈ ఇంట్లో నేను ఒక్క ‘వద్దు’ కూడా ఊరికే అనలేదు. తలనొప్పిగా ఉందండీ, పాపకి పరీక్షలండీ, షాపులో సెలవివ్వరండీ, ఏదో ఒక కారణం తోకలా తగిలించే అన్నాను. ఇప్పుడూ నాలుక చివర సిద్ధంగానే ఉంది, ‘మర్చిపోయానండీ’ అని. అది అనేస్తే అందరూ హాయిగా ఊపిరి పీల్చుకుంటారు. మా ఆయన నవ్వి, రీడరు తీసుకుని, సరిచేసి ఇచ్చేస్తారు.

“చెప్పనండీ,” అన్నాను.