తీసిపెట్టని స్లైడ్లు

మామయ్య చెవి కింద గడ్డలోంచి తీసిన ముక్క చివరికి మేనకోడలి చేతికే వచ్చింది. ఆసుపత్రి ల్యాబులో ఆమె పని అదే మరి. మనిషి ఒంట్లోంచి తీసిన ముక్కని మైనంలో పోతపోసి, ఆ దిమ్మెని మిషనుకి బిగించి, వెంట్రుకకన్నా పలచగా పొరలు కోసి, గాజు స్లైడ్ల మీద అంటించి, రంగులద్ది డాక్టరమ్మకి పంపాలి. పదకొండేళ్ళుగా కోస్తూనే ఉంది. అందుకే మామయ్య ఆమెని కత్తిపిల్ల అంటాడు.

మామయ్య టైలరు. కుట్టు బాగానే కుడతాడుగానీ ఆ చేతులు ఊరికే ఉండవు. ఆమె తమ్ముడు కొత్త ఉద్యోగంలో చేరేరోజు వాడి ప్యాంటు జేబులు రెండూ కుట్టేశాడు. వాడు ఆఫీసరు ముందు రుమాలు తీసుకోలేక చెమటలు కక్కాడని విని రెండు రోజులు పొట్ట పట్టుకుని నవ్వాడు. గడ్డ లేచినప్పుడూ అంతే. "బఠాణీ దాచుకున్నానే, ఆకలేస్తే పనికొస్తుంది" అంటూ ఆరు నెలలు దాటేశాడు.

గడ్డలోకి సూది దించి ముక్క తీయించుకుని వచ్చిన రోజు కూడా ఆగలేదు.

"ఏమే కత్తిపిల్లా, నా ముక్క నీ దగ్గరికే వస్తుందటగా! వంకరగా కోశావనుకో, నీ జాకెట్టు చేతులు రెండూ ఒకే వైపు కుడతా."

"కదలకుండా కూర్చో మామయ్యా, కట్టు ఊడుతుంది."

ల్యాబులో ఒక పద్ధతుంది. ముక్క చిన్నదై, కాస్త అనుమానంగా కనిపిస్తే, దిమ్మెని మొదటిసారి బిగించినప్పుడే పది పొరలు ఎక్కువ కోసి, ముందుముందు పరీక్షలకి పనికొచ్చేలా రంగు వెయ్యకుండా డబ్బాలో దాచాలి. ఒకసారి తీసిన దిమ్మెని మళ్ళీ బిగిస్తే ముందున్న వాలు రాదు. సమం చెయ్యడానికి పైపైన చెక్కి పారెయ్యాల్సిందే. ఆ చెక్కులో పోయేది ఒట్టి మైనం కాదు, మనిషి ముక్క కూడా. కొత్తగా చేరినవాళ్ళకి ఈ సంగతి నూరిపోసేది ఆమే.

ఆ డబ్బా మీద 'అనుమానం' అని కాగితం అంటించి ఉంటుంది. ఆరోజు ఆమె దాని మూత తీసింది. లోపల వరసగా ఉన్న పేర్లు చూసింది. వాళ్ళలో సగంమంది ఇప్పుడు లేరు. మామయ్య పేరు రాసి ఆ వరసలో పెట్టడానికి చెయ్యి రాలేదు. పెడితే రోగం ఉందని తనే సంతకం చేసినట్టు అనిపించింది. 'ఉమ్మి గొట్టంలో రాయి అడ్డుపడి వాచి ఉంటుందిలే' అనుకుంది. రెండే పొరలు కోసి దిమ్మె తీసేసింది.

రెండు రోజులకి డాక్టరమ్మ ఇంకో రంగు వెయ్యమంది. దిమ్మె మళ్ళీ బిగించి, చెక్కి, కోసింది. ఆ తరవాత మరో రంగు. మళ్ళీ చెక్కింది. అలా నాలుగుసార్లు. ప్రతిసారీ 'ఇదే ఆఖరు, ఇంక అడగరు' అనుకునేది. ఇప్పుడైనా పది తీసిపెడదామని ఒక్కసారీ అనుకోలేదు. అనుకోకపోవడం కాదు, తనని తాను అనుకోనివ్వలేదు.

ఐదోసారి డాక్టరమ్మే ల్యాబుకొచ్చింది.

"లాలాజల గ్రంథి క్యాన్సరే అరుదు. అందులో ఇది ఇంకా అరుదు. ఊపిరితిత్తుల్లోకి కూడా పాకింది. కానీ కొందరిలో జన్యువులో ఒక మార్పు ఉంటుంది. అది ఉంటే దానికి మాత్ర ఉంది. పనిచేసినవాళ్ళు ఏళ్ళు గడుపుతున్నారు. లేకపోతే నెలల మాటే. జన్యు పరీక్షకి పంపుదాం, దాచిన స్లైడ్లు ఇవ్వు."

"లేవండీ."

"దిమ్మె?"

ఆమె దిమ్మెని దీపం ముందు పెట్టింది. వెలుగు అడ్డులేకుండా ఇటునుంచి అటు వచ్చేసింది. ఒట్టి మైనం.

"ఎవరు కోశారు?"

"నేనేనండీ."

డాక్టరమ్మ తిట్టి ఉంటే బాగుండేది. "మళ్ళీ సూది వెయ్యాలి" అని మాత్రం అంది.

సాయంత్రం దుకాణానికి వెళ్ళేసరికి అత్తయ్య గుండీలు కుడుతోంది. మామయ్య మిషను ముందు కూర్చుని ఆయాసపడుతున్నాడు.

"ముక్క సరిపోలేదు మామయ్యా. ఇంకోసారి తియ్యాలట."

"ఓసి దొంగా! గుడ్డ సరిపోలేదని నేను ఊళ్ళోవాళ్ళకి చెప్పే మాట నాకే చెప్తున్నావా? మిగిలిన ముక్క ఏం చేశావ్, జేబురుమాలు కుట్టుకున్నావా?"

అత్తయ్య నవ్వింది. ఆమె కూడా నవ్వింది. చెప్పాల్సిన మాట ఆ నవ్వుతోపాటే లోపలికి పోయింది.

రెండో సూదికి రెండు వారాలు ఆగాల్సి వచ్చింది. మధ్యలో జ్వరం తగులుకుంది. పరీక్ష చేసే ల్యాబు మరెక్కడో ఉంది, అక్కడ మూడు వారాలు. మొత్తం ఐదు. ఈలోగా మామయ్య మొహం ఒక పక్క కదలడం మానేసింది. "ఈ పక్క సెలవు పెట్టిందే" అనేవాడు రెండో పక్కతో. తరవాత ఆ మాటకీ ఊపిరి చాలలేదు.

మంగళవారం పోయాడు. రిపోర్టు ఆ శుక్రవారం వచ్చింది. మార్పు ఉంది.

కాగితం పట్టుకుని దుకాణానికి వెళ్ళింది. జనం తీసుకెళ్ళని బట్టలు అత్తయ్య మడతపెడుతోంది.

"రిపోర్టొచ్చింది అత్తయ్యా."

"ఇంకెందుకే అది? చింపి పారెయ్యి."

చింపేస్తే సరిపోయేది. ఎవరూ అడగరు. ఆమె బల్ల మీద కాగితం పరిచి, డబ్బా దగ్గర్నుంచి దీపం దాకా అంతా చెప్పింది. ఎక్కడా తప్పు మిషను మీదకి నెట్టలేదు.

అత్తయ్య చేతిలో చొక్కా సగం మడతలోనే ఆగిపోయింది.

"అంటే ఆ మాత్ర పడుంటే మనిషి ఉండేవారా?"

"తెలీదు. కొందరికి అసలు పనిచెయ్యదు. వేసి చూసేవాళ్ళం కదా, అంతే."

"ఆయనుండగా చెప్పుంటే తిట్టేవారనా?"

"తిట్టేవాడు కాదు. నవ్వేసేవాడు. ఆ నవ్వు పడలేకే చెప్పలేదు అత్తయ్యా."

అత్తయ్య చొక్కా మడత విప్పి, మళ్ళీ మొదట్నుంచి పెట్టింది.

"నేను ఆయన్ని కాదే. నాకు నవ్వు రాదు. ఇవాళ్టికి వెళ్ళు. నేను పిలిచినప్పుడు రా."

ఇది జరిగి రెండు నెలలైంది. ల్యాబులో ఫోను మోగితే ఆమె మిషను ఆపి, చేతి తొడుగులు పీకేసి పరిగెడుతోంది. అత్తయ్య ఇంకా పిలవలేదు.