అజెండాలో చివరి అంశం

బేర్ సరాయ్ తెలుగు విద్యార్థుల సంఘం శనివారాలు సాయంత్రం ఏడింటికి కూడేది. సభ్యురాలు హారిక ఉండే హాస్టల్ గేటు తొమ్మిదింటికి మూసేవారు. సమావేశాన్ని ఆదివారం పొద్దుటికి మార్చాలని ఆమె ప్రతిపాదించింది. మూడు వారాలుగా అది అజెండాలో చివరనే ఉంది.

"ఇవాళ నాది ముందు తీసుకోండి," అంది హారిక.

"వరస మార్చాలంటే ఎవరైనా బలపరచాలి. ఈ రూల్స్ నేర్పింది నువ్వే కదా," అన్నాడు అధ్యక్షుడు ఉమాశంకర్.

నవదీప్ బలపరిచాడు. వరస మార్చవచ్చా అన్నదానిమీద చర్చ ఎనిమిదిన్నర దాకా సాగింది. హారిక బ్యాగు తీసుకుంది.

"అరే, కూర్చో. ఓటింగ్ పెడుతున్నా," అన్నాడు ఉమాశంకర్.

"ఆటో దొరకాలి," అని ఆమె మెట్లు దిగింది.

తర్వాతి శనివారం కిందటి సమావేశం మినిట్స్ చదివారు. 'ప్రతిపాదించిన సభ్యురాలు వెళ్ళిపోయినందున అంశాన్ని వదిలేశాం.'

ఆమోదానికి అందరూ చేతులెత్తారు. హారిక ఎత్తలేదు. ఉమాశంకర్ తర్వాతి అంశానికి వెళ్ళాడు.