లాడం కమాను కింద కాసిల్దా

మా బెనాహార ఊళ్లోకి రావాలంటే లాడం ఆకారపు కమాను కిందనుంచే రావాలి. పూర్వం మా దేశాన్నేలిన ముస్లింలు, మూర్లు, కట్టింది. ఎనిమిది వందల ఏళ్లుగా గాడిదలూ పెళ్లివాళ్లూ శవపేటికలూ దాని కిందనుంచే సాగాయి. 1957లో మేయరు దోన్ లెయాంద్రో తన నూనె మిల్లుకి లారీలు కొన్నాక అది ఇరుకైపోయింది. నెల తిరక్కుండా, కమాను శిథిలమైందని, కూల్చాలని ఉత్తర్వు వచ్చింది. పని మేస్త్రీ ఎవారిస్తోకి అప్పగించారు.

అతను నిచ్చెన వేసుకుని ఒక పగలంతా ప్రతి రాయినీ సుత్తితో తట్టి చూశాడు. మర్నాడు మేయరు ఆఫీసుకొచ్చాడు. నేనక్కడ గుమాస్తాని.

"దానికే రోగమూ లేదయ్యా. నేను కూల్చను."

"పడిపోతుందని ఇంజనీరు రాసిచ్చాడు!" అన్నాడు మేయరు.

"ఆయన కారు దిగి చూశాడా?"

నాకొచ్చిన నవ్వుని దగ్గుతో కప్పేశాను.

"మూర్లు నీకేమన్నా చుట్టాలట్రా?"

"ఏమోనయ్యా. ఈ పని మా నాన్న నేర్పాడు, ఆయనకి వాళ్ల నాన్న. అలా వెనక్కి పోతే ఎవరు తగులుతారో ఎవరికి తెలుసు?"

"ఇక ఈ ఊళ్లో నీకు పని పుట్టదు."

"ఆదివారం పూజయ్యాక కమాను దగ్గరికి రండి. పడుతుందో లేదో చూద్దాం."

ఆదివారం మేం చర్చి నుంచి వచ్చేసరికి ఎవారిస్తో భార్య కాసిల్దా సరిగ్గా కమాను కింద పీట వేసుకుని చిక్కుళ్లు ఒలుస్తోంది. అతను రాళ్లు భుజాన వేసుకుని పక్కమెట్ల మీదుగా కమాను నెత్తికి చేరుస్తున్నాడు.

"ఒక్కడివే ఎన్నని మోస్తావు బాబాయ్?" అంటూ కమ్మరి రుఫీనో ఒక రాయెత్తుకున్నాడు. అతని వెనక రొట్టెలమ్మే ఆవిడ, ఆమె వెనక ఫాదరుగారి చెల్లెలు. మేయరు నావైపే చూస్తున్నాడని తెలుసు. అయినా కోటు విప్పి నేనూ ఒకటెత్తాను. మధ్యాహ్నానికి పైన గుట్ట లేచింది. కింద సున్నం పొడి కూడా రాలలేదు.

"లేచి ఇవతలికి రా, చస్తావే!" అని దోన్ లెయాంద్రో అరిచాడు.

కాసిల్దా తలెత్తలేదు. "చిక్కుళ్లు అవనీండి. మీరూ రండి, ఇంకో పీటుంది."

ఊరంతా ఆయన కాళ్లకేసి చూసింది. అవి కదల్లేదు. కాసేపటికి వెనక్కి తిరిగి వెళ్లిపోయాడు. కూల్చే మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. లారీలు ఏటి పక్కగా చుట్టు తిరిగి పోయాయి.

కానీ పని విషయంలో మేయరు అన్నట్టే చేశాడు. ఎవారిస్తో ఏడేళ్లు పొద్దున్నే బస్సెక్కి పరాయి ఊళ్లకి పోయి పనిచేశాడు. నన్ను శ్మశానం రిజిస్టరు రాయమన్నారు.

"ఎప్పుడైనా బాధనిపించిందా?" అని ఒకసారి అడిగాను.

"ఎందుకనిపించదు? ఆ రాళ్లు ఎక్కించడానికి ఊరంతా వచ్చారు. దించడానికి ఒక్కడూ రాలేదు" అన్నాడు ఎవారిస్తో.