వేలానికెక్కిన గుండిగ

నేను ఒక ఇత్తడి గుండిగను. అలాంటి ఇలాంటి గుండిగను కాదు, ముప్పై నలభై మందికి ఒక్క వాయిలో పలావు దించగల గుండిగను. ఈ కాలపు అల్యూమినియం డేగిసాలు నా పొట్ట చూసి నవ్వుకుంటాయి. నవ్వుకోనివ్వండి. వాటిని ఎవరైనా ఒంటి చేత్తో ఎత్తేస్తారు. నన్ను ఎత్తాలంటే ఇద్దరు మనుషులు కావాలి, అందులో ఒకరికైనా నడుం బాగుండాలి.

పుట్టింది ఇత్తడి పనికి పేరుపడ్డ అజ్జరంలో. నిప్పుల్లో కాల్చి, సుత్తులతో మోది, ఒళ్ళంతా సొట్టలు పడేలా కొట్టి నన్ను ఈ ఆకారానికి తెచ్చారు. ఆ దెబ్బలు చూసి మనుషులు "అబ్బ, ఏం పనితనం!" అంటారు. తమ మొహం మీద చిన్న మచ్చ వస్తే మాత్రం అద్దం ముందు నుంచి కదలరు. నన్ను కొన్నది సౌభాగ్యమ్మ అనే నాట్ల కూలీ. కూతురు రూతమ్మను కాపురానికి పంపే రోజున నన్ను నెత్తిన పెట్టుకుని కాలవ కట్ట మీద నడిచింది. దారిలో ఎవరు పలకరించినా తల ఊపే వీల్లేక, పాపం, "ఊఁ, ఊఁ" అంటూనే వచ్చింది.

రూతమ్మ చేతిలో పడటం నా అదృష్టం. ఏటా కళాయి పూయించేది. చింతపండు, బూడిద పెట్టి తన మొహం కనపడేదాకా తోమేది. ఆమె మొగుడు ఏలీయా కాలవ లాకుల దగ్గర లస్కరుగా చేసి రిటైరయ్యాడు. జీవితమంతా నీళ్ళు వదలడం, ఆపడం తెలిసిన మనిషే. ప్రార్థన మొదలుపెడితే మాత్రం వదలడమే, ఆపడం ఉండదు. ఆయన "ఆమెన్" అనేలోపు కూర చల్లారుతుంది, పిల్లలు గోడకానుకుని కునుకుతారు, మూత కింద నేను ఉక్కిరిబిక్కిరవుతాను. దానికి తోడు చర్చిలో సంఘ పెద్ద. మనసు మంచిదే గానీ, నీతులు చెప్పే అవకాశం వస్తే ఒక్కటీ వదులుకోడు.

ఏటా నవంబరు ఆఖర్లో కోత పండుగ వస్తుంది. దానికి ముందు వారమంతా ఈ దంపతుల కుటుంబంలో కృతజ్ఞత కూడికలు. సంతానమంతా ఆ ఊళ్ళోనే ఉన్నారు గనక, ఒక్కో సాయంత్రం ఒక్కో ఇంట్లో పెట్టుకుంటారు. నేనూ ఆటో ఎక్కి ఇల్లిల్లూ తిరుగుతాను. పాటలయ్యాక ఒక్కొక్కరూ లేచి ఈ ఏడు దేవుడు చేసిన మేలు ఒకటి చెప్పాలి. పెద్దకూతురు కరుణ షుగరు తగ్గిందని చెప్పింది. కొడుకు తిమోతి గాలివానకు చేను పడిపోలేదని చెప్పాడు. వాడి కూతురు లేచి, "నేను లెక్కల్లో పాసయ్యాను, అది నిజంగా దేవుడు చేసిందే" అంటే ఇల్లంతా గొల్లుమంది. ఏలీయా కూడా కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ నవ్వాడు.

ఇక ఆదివారం పండుగ. ఆ సాయంత్రం అందరూ కలిసి ఒకే బంతిలో కూర్చుని రూతమ్మ చేతి పలావు తినాలి. ఈ ఏడు దానిమీదే తగువు వచ్చింది.

"అమ్మా, నీ మోకాళ్ళు చూడు ఎట్టా వాచినయ్యో. క్యాటరింగ్‌కి చెప్పేస్తాం. నువ్వు కుర్చీలో కూర్చుని తిను చాలు" అంది కరుణ.

"నా గుండిగ ఉన్నన్నాళ్ళు నా పిల్లలకి నేనే వండుతా. అది పోయిన్నాడు మీ ఇష్టం" అంది రూతమ్మ.

ఆ మాట విని నేను పొంగిపోయాను. పొంగడం మా జాతికి అలవాటే గానీ, ఇది వేరు. ఆమె పెద్దరికమంతా నా మీదే నిలబడి ఉందని అప్పుడే తెలిసింది నాకు.

ఆదివారం పొద్దున తిమోతి తొలికోత బియ్యం తెచ్చాడు. కానుకగా పట్టుకెళ్ళడానికి బుట్ట చాల్లేదు. రూతమ్మ బియ్యం నాలో పోసి, మొగుడికి మరీ మరీ చెప్పింది. "ఏవయ్యా, చర్చిలో గోనెసంచి పరిచుంటది. బియ్యం దాంట్లో దిమ్మరించి, గుండిగ ఎనక్కి పంపించు. మధ్యాహ్నం నుంచే పొయ్యెక్కించాల." ఆయన తలూపాడు. తలూపే మొగుణ్ణి నమ్మకూడదని ఇన్నేళ్ళ కాపురంలో ఆమెకి తెలిసి ఉండాల్సింది.

తండ్రీకొడుకులు నన్ను మోసుకెళ్ళి పీఠం ముందు దించారు. అటు గుమ్మడికాయలు, ఇటు అరటిగెలలు, కాళ్ళు కట్టేసిన కోళ్ళు. ఏలీయా అక్కడే మోకరించి కళ్ళు మూసుకున్నాడు. ఇంకేముంది, లాకులు ఎత్తేశారు! ఆయన కళ్ళు తెరిచేసరికి పాస్టరు అయ్యగారు కానుకలన్నిటి మీదా చేతులు చాపి ప్రార్థన చేసేశారు. నా మీద కూడా.

ఆ సంఘంలో ఒక కట్టడి ఉంది. పీఠం ముందు పెట్టి ప్రార్థన చేశాక అది దేవుడిది. ఆరాధన తర్వాత వేలం వేస్తారు, కావలసినవాళ్ళు పాడుకోవాలి. సంతలో అడిగే దిక్కులేని సొరకాయ కూడా ఆ రోజు మేకపిల్ల ధర పలుకుతుంది. ఈ కట్టడిని అందరికంటే గట్టిగా పట్టుకున్నది మన ఏలీయానే. పోయినేడు బస్టాండు దగ్గర ఇడ్లీలమ్మే జ్ఞానమ్మ స్టీలు బేసిన్లో గుడ్లు తెచ్చి, బేసిను తిరిగి ఇమ్మని అడిగింది. "బైబిల్లో, దేవుడికి ఇచ్చినట్టే ఇచ్చి దాచుకున్న అననీయ సప్పీరల సంగతి ఎరగవా?" అని నలుగురిలో కడిగేశాడు ఈయన. మొగుడు పోయి, పిల్లాజెల్లా లేక ఒంటరిగా బతుకుతున్న మనిషి. ఆ రోజు నుంచి ఆఖరి వరసలో కూర్చుంటోంది, ఈయన ఎదురుపడితే మొహం తిప్పుకుంటోంది.

"అయ్యో అయ్యో, నా గుండిగ!" అని రూతమ్మ ఆడవాళ్ళ వైపు నుంచి లేచి వచ్చింది. "అయ్యగారిని అడుగు, మర్చిపోయామని చెప్పు."

"ఏ మొహం పెట్టుకుని అడగను? పెట్టింది పెట్టాం" అన్నాడు ఏలీయా.  రూతమ్మకి కోపం రావాల్సింది, కానీ ఆఖరి వరసలో జ్ఞానమ్మను చూసి, వచ్చిన దారినే వెనక్కి వెళ్ళి కూర్చుంది.

వేలం మొదలైంది. బియ్యం గోనెసంచిలోకి దిమ్మరించాక నా వంతు వచ్చింది. చర్చి బయట షామియానా కింద మగవాళ్ళొక వైపు, ఆడవాళ్ళొక వైపు, మధ్యలో అలంకారానికి కట్టిన చెరకు గడలు. ఆ వైపు నుంచి తిమోతి పాట పెట్టాడు, అమ్మ గుండిగ కదా. ఈ వైపు నుంచి కరుణ పెంచింది, అమ్మ గుండిగే కదా. గడలు అడ్డం, పైగా జనం గోల, ఎవరితో పోటీ పడుతున్నారో ఇద్దరికీ తెలీదు. తమ్ముడు పెంచితే అక్క పెంచింది, అక్క పెంచితే తమ్ముడు మీసం మెలేశాడు. అయ్యగారికి మహా సంబరంగా ఉంది. నా మట్టుకు నాకు కూడా, అబద్ధమెందుకు, కాస్త గర్వంగానే ఉంది.

ఏలీయాకి సంగతి అర్థమై పరుగులాంటి నడకతో మధ్యలోకి వచ్చాడు. "ఓరి మీ తెలివి తెల్లారా! మీలో మీరే పాడుకుంటున్నార్రా! నోరు మూసుకోండి ఇద్దరూ!" అని కేకేశాడు. ఇద్దరూ ఠక్కున నోరు మూశారు. ఆ నిశ్శబ్దంలో ఆఖరి వరస నుంచి ఒక గొంతు తాపీగా ఇంకొంచెం పెంచింది.

"ఒకటోసారి... రెండోసారి... మూడోసారి! జ్ఞానమ్మ గారిది!"

జ్ఞానమ్మ ఎవరివైపూ చూడకుండా వచ్చింది. ఎవరి సాయమూ అడగలేదు. ఇద్దరు మోయాల్సిన నన్ను ఒక్కతే చంకనెత్తుకుని గుడిసెదాకా మోసుకుపోయింది. ఆ పట్టులోనే ఆమె కసి ఎంతో నాకు తెలిసింది. మేం షామియానా దాటుతుంటే రూతమ్మ వెనక కరుణ మెల్లిగా, "పోనీలే అమ్మా, క్యాటరింగ్‌కి ఫోన్ చేస్తా" అంటోంది. రూతమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఎండ నడినెత్తిన ఉండగా రూతమ్మ జ్ఞానమ్మ గడపలోకి వచ్చింది. ఏలీయా రెండడుగులు వెనక నిలబడ్డాడు.

"గుండిగ ఇమ్మని అడగటానికి రాలేదమ్మా. నీ బేసిను గొడవ నాడు నేను నోరెత్తలేదు, ఇయ్యాల నాకడిగే హక్కు లేదు. ఒక్క పూటకి అరువియ్యి. వండుకుని, తోమి తెచ్చిస్తా."

"ఇయ్యను వదినా. నా గుండిగ నా గడప దాటదు" అంది జ్ఞానమ్మ. "అంతగా కావాలంటే ఈడే వండుకో."

ఎత్తిపొడుపుగా అన్న మాట అది. కానీ రూతమ్మ చెంగు నడుముకి దోపింది. "సరే. పొయ్యి రాళ్ళు యాడున్నయ్?"

 ఆ తర్వాత ఆపడానికి జ్ఞానమ్మకెవరూ సందివ్వలేదు. తిమోతి ఇంటి నుంచి బియ్యం, కట్టెలు తెచ్చి దించాడు. కరుణ క్యాటరింగ్ మాట మర్చిపోయి మసాలా నూరింది. మనవలు వాకిట్లో చాపలు పరిచారు. జ్ఞానమ్మ కాసేపు గుంజకానుకుని చూసింది. తర్వాత రూతమ్మ బియ్యంలో నీళ్ళు పోస్తుంటే ఉండబట్టలేక, "అన్ని నీళ్ళా? ముద్దయిపోద్ది!" అంటూ చెంబు లాక్కుంది. ఇద్దరూ గరిటె కోసం దెబ్బలాడుకుంటూ వండిన పలావు నా జన్మలో అదే మొదటిది. రుచి మాత్రం, స్తోత్రం, ఇంతకుముందెప్పుడూ అలా కుదరలేదు.

ఏలీయాకి ఉల్లిపాయల పని అప్పజెప్పారు. కళ్ళు ధారగా కారుతున్నాయి. జ్ఞానమ్మ చూసి, "ఘాటుగా ఉన్నయ్యా అన్నా?" అంది. ఏడాది తర్వాత ఆయనతో అన్న మొదటి మాట అది.

"ఉల్లిపాయలక్కాదు జ్ఞానమ్మా" అన్నాడాయన కత్తిపీట పక్కన పెట్టి. "అంతమందిలో నిన్ను ఆ మాటన్నా. తప్పయిపోయింది. నన్ను క్షమించు."

 పొద్దువాలే వేళ బంతిలో జ్ఞానమ్మ మొదటి విస్తరి ఆయనకే వేసి, కొసరి కొసరి వడ్డించింది. ప్రార్థన చేయమన్నారు ఏలీయాని. "తండ్రీ, స్తోత్రం. అందరికీ ఆకలేస్తోంది. ఆమెన్" అన్నాడు. పిల్లలు కేకలేసి చప్పట్లు కొట్టారు. నాలుగిళ్ళ అవతలికి వినపడేలా నవ్వులు. పిల్లల్లో ఒకతి జ్ఞానమ్మ ఒళ్ళోనే తిని, ఒళ్ళోనే నిద్రపోయింది.

వెళ్ళే వేళయింది. అన్నేళ్ళ అలవాటు, రూతమ్మ చేతులు వాటంతట అవే నా అంచులు పట్టుకుని ఎత్తబోయాయి. సగంలో గుర్తొచ్చి ఆగిపోయింది. జ్ఞానమ్మ నిద్రపోతున్న పిల్లను భుజాన సర్దుకుంటూ అంది.

"ఉండనియ్ వదినా. అది ఈడుంటే మీరంతా మళ్ళీ వస్తారుగా."

రూతమ్మ నన్ను నేల మీద దించింది. నా అంచు మీద చెయ్యేసి లోపలికి తొంగి చూసింది.

"అడుగంటింది, నువ్వు గీకమాక, కళాయి పోద్ది" అంది. "నీళ్ళు పోసి ఉంచు. పొద్దున్నే నేనొచ్చి తోముతా."